సెల్టిక్ ఆడవాళ్ల పాటలు: తొమ్మిదేళ్లు విన్నాక నా రివ్యూ

నిద్ర పట్టడానికి ఏదో ఒక మెత్తటి సంగీతం చాలనుకునేవాళ్లు సెల్టిక్ పాటల మీద (స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్ల సొంత భాషల పాటలన్నమాట) రాసిన ఇది చదవక్కర్లేదు. కవర్ మీద హార్ప్, పొగమంచు కొండ ఉన్న ఏ ప్లేలిస్ట్ పెట్టుకున్నా వాళ్ల పని అయిపోతుంది. వెటకారం కాదు, నేనూ అక్కడే మొదలుపెట్టా.

మా అక్క కూతురితో కూర్చుని బ్రేవ్ అనే బొమ్మల సినిమా చూస్తుంటే ఈ గొంతు ఎవరిదబ్బా అనిపించి వెతికా. జూలీ ఫౌలిస్ అట, స్కాట్లండ్ పడమటి దీవుల్లో నార్త్ ఊయిస్ట్ ఆవిడది. తమాషా ఏంటంటే సినిమాలో ఆవిడ పాడింది ఇంగ్లీషులో, సొంత ఆల్బమ్‌లు మాత్రం దాదాపు అన్నీ గేలిక్ అనే స్కాట్లండ్ భాషలో. అలా పట్టుకుంది నాకు.

మొదటి రెండేళ్లూ యాప్ ఏది పెడితే అది విన్నా. ఎకో ఎంత పోస్తారంటే పాడుతున్నది ఒకరో నలుగురో తెలీదు, ఏ భాషో కూడా తెలీదు. దీనికంతటికీ మూలం క్లానాడ్ 1982లో చేసిన హ్యారీస్ గేమ్ పాట అని నా అనుమానం. ఐర్లండ్‌లో డోనెగల్ జిల్లా గ్వీడోర్ వాళ్లది ఆ బ్యాండ్, మోయా బ్రెనన్, ఆవిడ ఇద్దరు సోదరులు, కవలలైన ఇద్దరు మేనమామలు (గాయని ఎన్యా ఈ మోయా చెల్లెలే). ఐరిష్‌లో పాడి బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానం దాకా వెళ్లారు. ఆ పాట నాకు ఇప్పటికీ బోరు కొట్టలేదు, దాన్ని కాపీ కొట్టినవే కొట్టాయి.

ఇన్నేళ్లకీ నిలిచినవి వేరే ఉన్నాయి, స్కాట్లండ్‌లో ఒకప్పుడు ఉన్ని బట్టని బాది బిగించేటప్పుడు ఆడవాళ్లు పాడిన పాటలు. మగ్గం మీంచి దిగిన ట్వీడ్ (ఆ ఉన్ని బట్టే) వదులుగా ఉంటుంది కదా, దాన్ని నిలవ మూత్రంలో నానబెట్టి (అవును, మూత్రమే, జిడ్డు పోయి రంగు నిలవాలని) పొడవాటి బల్ల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, బల్లకేసి బాదుతూ పక్కవాళ్లకి జరుపుతూ పోయేవారు. ఒకావిడ చరణం ఎత్తుకునేది, మిగతావాళ్లు అర్థం లేని పదాలతో పల్లవి అందుకునేవారు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఉయ్యాలో అన్నవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఒకే కూర్చోవడంలో పాడిన పాట మళ్లీ పాడితే అరిష్టమట, కాబట్టి బోలెడన్ని పాటలు వచ్చి ఉండాల్సిందే. ఇలాంటి పాటనే 1992లో కేపర్‌కేలీ బ్యాండ్‌తో కేరన్ మాథెసన్ పాడితే బ్రిటన్ టాప్ 40లోకి వెళ్లింది, స్కాటిష్ గేలిక్ పాటకి అదే మొదటిసారి. బాగుంటుంది, కానీ తోబర్ అన్ దువల్‌ఖిష్ అనే సైట్‌లో ఉన్న పాత ఫీల్డ్ రికార్డింగులు విన్నాక ఆ కీబోర్డు చప్పగా అనిపించింది. అవి ఉచితమే. గరగరలాడతాయి, మధ్యలో ఎవరో దగ్గుతారు, కుర్చీ కిర్రుమంటుంది, గొంతు మాత్రం చెవి పక్కనే ఉంటుంది. బార్రా దీవికి చెందిన ఫ్లోరా మక్‌నీల్ పాటలు కూడా వెతుక్కోండి. ఎడిన్‌బరోలో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసిన మనిషి, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవి పాడింది, 1951లో జానపద పాటలు సేకరించే అమెరికన్ అలన్ లోమాక్స్ రికార్డు చేసుకున్నాడు.

ఐర్లండ్ వాళ్ల షాన్-నోస్ అనే పాత పద్ధతి పాట మాత్రం నాకు పూర్తిగా ఎక్కలేదు. వాయిద్యం ఉండదు, తాళం ఉండదు, గొంతు విరుపులే అంతా. మూడో పాటకి ఆపేస్తా, నిజం చెప్పాలంటే.

పెద్ద ఇబ్బంది భాషే. రాసిన అక్షరాల్లో సగం పలకరు, బి పక్కన హెచ్ వస్తే వ అనాలి. సీడీతో వచ్చే చిన్న పుస్తకంలో అర్థాలుంటాయి, యాప్‌లో ఉండవు. దీనివల్ల నాకో తమాషా అనుభవం అయింది. మా బాబు పుట్టినప్పుడు ఆర్నెల్లు వాణ్ణి గ్రిగల్ క్రీ అనే పాటతోనే నిద్రపుచ్చా, ఊపు అంత హాయిగా ఉంటుంది. తర్వాత అర్థం చదివితే ఒళ్లు జలదరించింది. 1570లో స్కాట్లండ్‌లో మక్‌గ్రెగర్ వంశపెద్ద గ్రెగర్ తల నరికేశారు, నరికించింది ఆయన భార్య పుట్టింటి క్యాంబెల్ వాళ్లే, ఆవిడ చంటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని పాడుతున్నట్టుగా ఉంటుందా పాట. అంటే జోలపాటే, నేను మరీ తప్పు చెయ్యలేదు. పాడటం మానలేదు కూడా.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగున్నర. అర మార్కు ఆ పొగమంచు ప్లేలిస్టులకి కోసేశా. మావాడికి ఇప్పుడు ఏడేళ్లు, పల్లవి పూర్తిగా వచ్చు, అర్థం ఏంటి అని నిన్నే మొదటిసారి అడిగాడు. రేపు చెప్తా అన్నా.