జానపద పాటల గదిలో స్కార్లెట్ 2ఐ2: ఐదేళ్ల వాడకం తర్వాత

హన్మకొండలో నా రికార్డింగ్ గదికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది జానపదం పాడేవాళ్లే. బతుకమ్మకు ముందు నెలా రెండు నెలలు ఊపిరి సలపదు. రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గర పడితే సమ్మక్క సారలమ్మ పాటలు మొదలవుతాయి. మిగతా కాలం పెళ్లి పాటలు, ఊరి పేరు మీద పాటలు, అప్పుడప్పుడు ఒగ్గు కథ వాళ్లు. ఈ పనంతటికీ 2020 నుంచి ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) వాడుతున్నాను. కొత్తగా గది పెట్టుకుంటున్న తమ్ముళ్లు ఏది కొనాలని అడుగుతుంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్తాను: గొంతు, వాయిద్యం విడివిడిగా తీసుకుని తర్వాత కలుపుకునే పద్ధతికి ఇది చాలు. బృందం మొత్తాన్ని ఒకేసారి కూర్చోబెట్టి తీయాలంటే చాలదు. ఇందులో మైక్ ఇన్‌పుట్లు రెండే. ఒగ్గు కథలో కథకుడి గొంతు, వంత పాడేవాళ్లు, డోలు, తాళాలు అన్నీ ఒక ఊపులో నడుస్తాయి. విడగొడితే ఆ ఊపు పోతుంది. అలాంటి పనే ప్రధానమైతే ఎనిమిది మైక్ ఇన్‌పుట్లు ఉన్నదాని కోసమే డబ్బు దాచుకోండి.

కొనేటప్పుడు అందరూ డబ్బా మీద 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని రాసి ఉందా అని చూస్తారు. కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో, బిట్ అంటే ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో. నేను 192 వాడను. మన పాటలు చివరికి వీడియోలోకే వెళ్తాయి, వీడియోకు 48 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. 24 బిట్, 48లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.6 ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది. 192లో అది నాలుగింతలు అవుతుంది. డిస్క్ నిండుతుంది, పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది, వినేవాళ్లకు తేడా తెలియదు. 24 బిట్ మాత్రం తప్పనిసరి. దానివల్ల లెవల్ తక్కువగా, అంటే పీక్ (అత్యధిక స్థాయి) మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఆగేలా పెట్టుకున్నా తర్వాత పెంచుకోవచ్చు, వెనకాల హిస్స్ పైకి రాదు.

అసలు చూడాల్సింది గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ను ఎంత పెంచగలదన్నది. ఈ మూడో తరంలో గరిష్ఠంగా 56 డీబీ ఉంది. అది సరిపోతుందా లేదా అన్నది మీ మైక్, మీ గాయకులు కలిసి తేలుస్తారు. ఒకే శబ్దానికి షూర్ ఎస్ఎమ్ 58 (మామూలు డైనమిక్ మైక్) ఇచ్చే వోల్టేజీకి ఆడియో టెక్నికా ఏటీ 2020 కండెన్సర్ (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన మైక్) ఏడింతలకు పైగా ఇస్తుంది. కాబట్టి కండెన్సర్‌తో గెయిన్ నాబ్ సగం కూడా తిప్పక్కర్లేదు. ఎస్ఎమ్ 58 అయినా మా వాళ్ల గొంతులకు ఇబ్బంది లేదు. ఆరుబయట వందల మంది ముందు పాడి అలవాటైన గొంతులవి. కానీ ఎస్ఎమ్ 7బీ లాంటి బలహీనమైన సిగ్నల్ ఇచ్చే మైక్ ముందు మెల్లగా కథ చదివే మనిషిని కూర్చోబెడితే నాబ్ చివరిదాకా వెళ్తుంది, అక్కడ సన్నని హిస్స్ వినిపిస్తుంది. 2023లో వచ్చిన నాలుగో తరం 2ఐ2లో గెయిన్ 69 డీబీ వరకు ఉంది. ఆడియో పుస్తకాలు, పాడ్‌కాస్ట్‌లు చేసేవాళ్లు దానికే వెళ్లాలి.

డప్పు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. డప్పును మంట దగ్గర కాచి గదిలోకి తెచ్చిన మొదటి కొన్ని నిమిషాల్లోనే ఆ ఖణఖణ ఉంటుంది. వానల రోజుల్లో అయితే తోలు ఇంకా త్వరగా మెత్తబడుతుంది. ఆ కాసేపట్లో లెవల్ చూసుకుంటూ కూర్చుంటే మళ్లీ బయటికెళ్లి కాయాల్సిందే. ఈ పెట్టెలో నాకు బాగా నచ్చింది ఇక్కడే తెలుస్తుంది. గెయిన్ నాబ్ చుట్టూ వెలిగే రింగు సిగ్నల్ ఉంటే ఆకుపచ్చ, అంచుకు వస్తే పసుపు, లెవల్ మించి శబ్దం పగిలితే ఎరుపు. వాయించే మనిషి కాచుకునేటప్పుడే వేరే డప్పుతో గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టించి, గెయిన్ దాదాపు కిందికి దించి, మైక్‌ను మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టి సిద్ధంగా ఉంటాను. స్క్రీన్ వైపు చూడకుండా రింగు రంగుతోనే పని అయిపోతుంది. మోటూ ఎమ్2 అనే ఇంకో ఇంటర్‌ఫేస్‌లో దీనికి బదులు చిన్న తెర మీద లెవల్ మీటర్లు ఉంటాయి. నిజం చెప్పాలంటే అవి ఇంకా మెరుగు.

ఇక ఆలస్యం. పాడేవాళ్లకు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు కంప్యూటర్ చుట్టూ తిరిగి వస్తే, "అన్నా, నా గొంతు నాకే ఎనుక నుంచి ఇనవడుతాంది" అంటారు. కంప్యూటర్ శబ్దాన్ని కొద్దికొద్దిగా పోగుచేసుకుని పంపుతుంది, ఆ పోగే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల (కొలతల) బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లే. కానీ రాను, పోను, మధ్యలో మార్పిడి, అన్నీ కలిస్తే అది పెరుగుతుంది. డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కు వస్తుంది, ఆలస్యం ఉండదు. అప్పుడు ఇంకో చిక్కు: ఆ గొంతు పొడిగా ఉంటుంది. పందిళ్లలో ఎకో పెట్టిన మైకులకు అలవాటైన గాయకులకు పొడి గొంతు వింటే ఉత్సాహం రాదు, శ్రుతి కూడా జారుతుంది. దీనికి నేను రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు చేసే ప్రతిధ్వని) పెట్టి, అందులో అసలు గొంతును పూర్తిగా ఆపేసి, రివర్బ్‌ను మాత్రమే హెడ్‌ఫోన్‌కు పంపుతాను. గొంతు డైరెక్ట్‌గా వస్తుంది, రివర్బ్ కంప్యూటర్ నుంచి వస్తుంది. రివర్బ్ కాస్త ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తెలియదు. బఫర్ 256 పెట్టుకున్నా ఫర్వాలేదు. సాదా ల్యాప్‌టాప్‌తో నడిచే గదులకు ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

విండోస్ వాడేవాళ్లు కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ (ఇంటర్‌ఫేస్, కంప్యూటర్ మధ్య శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో నడిపే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో చూడకుండా కొనొద్దు. ధర తక్కువని తీసుకుంటే రోజూ చిటపటలతో కుస్తీ పట్టాలి. స్కార్లెట్ డ్రైవర్ నన్ను పని మధ్యలో ఎప్పుడూ వదిలేయలేదు. ఐదేళ్ల తర్వాత కూడా దీన్ని మార్చకపోవడానికి పెద్ద కారణం అదే.

హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉండటం లోటు. బతుకమ్మ పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి, అందరికీ ట్రాక్ వినబడాలి. బెహ్రింగర్ హెచ్ఏ 400 లాంటి నాలుగు హెడ్‌ఫోన్ల ఆంప్ తగిలించుకోవాల్సిందే. కోరస్ ఆడవాళ్లను కండెన్సర్ ముందు అర్ధచంద్రాకారంలో నిలబెట్టి, గట్టి గొంతులను ఒక అడుగు వెనక్కి పంపుతాను. ఆ సమయంలో ఎయిర్ బటన్ ఆపి ఉంచుతాను. అది పై స్వరాలను ఎత్తుతుంది కాబట్టి మందమైన మగ గొంతుకు బాగుంటుంది, సన్నని గొంతులు నలుగురివి కలిస్తే చెవిలో గీరుతుంది. 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌కు (కండెన్సర్ మైక్‌కు కేబుల్‌లోనే పంపే కరెంటు) రెండు ఇన్‌పుట్లకూ కలిపి ఒకే బటన్. పక్కన మామూలు డైనమిక్ మైక్ ఉంటే భయం లేదు, పాత రిబ్బన్ మైక్ (సన్నని లోహపు పట్టీతో పనిచేసే నాజూకు మైక్) ఉంటే మాత్రం ఆన్ చేయకండి.

కరెంటు గురించి మన దగ్గర విడిగా చెప్పుకోవాలి. ఈ పెట్టెకు అడాప్టర్ అక్కర్లేదు, యూఎస్‌బీ నుంచే నడుస్తుంది. పాట మధ్యలో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద టేక్ పూర్తవుతుంది. చవక ఇన్వర్టర్ మీద చార్జర్ పెట్టి రికార్డు చేస్తే జుమ్మనే శబ్దం రావచ్చు, చార్జర్ తీసేస్తే అది పోతుంది. మామూలు కరెంటు మీద కూడా అదే శబ్దం వస్తుంటే ఇంటర్‌ఫేస్‌ను అనుమానించే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. ఎండాకాలంలో మా వైపు నేల పూర్తిగా ఎండిపోతుంది. ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తేనే అది పని చేస్తుంది. చార్జర్ మూడో పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినొద్దు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. స్పీకర్లకు మాత్రం బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (బయటి రొద చొరబడకుండా రెండు సిగ్నల్ తీగలు ఉన్నవి) వాడండి.

ఈరోజు కొత్తది కొనాలంటే నేను నాలుగో తరానికే వెళ్తాను. అందులో మైక్ సాకెట్లు వెనక్కి వెళ్లాయి, బల్ల ముందు వైర్లు వేలాడవు. బడ్జెట్ తక్కువైతే మూడో తరం సెకండ్ హ్యాండ్‌ది ధైర్యంగా తీసుకోవచ్చు. అయితే మీ కండెన్సర్ మైక్, హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లండి. రెండు ఇన్‌పుట్లలోనూ ఫాంటమ్ పవర్ వస్తోందా చూడండి. గెయిన్ నాబ్‌లు మెల్లగా తిప్పుతూ గరగర ఉందేమో వినండి. వెనక యూఎస్‌బీ పోర్టులో కేబుల్ కొద్దిగా కదిపినప్పుడు కనెక్షన్ తెగిపోతే, ధర ఎంత తగ్గించినా వదిలేసి రండి.