ఏసీ రొద తగ్గాలంటే ఏది మేలు: రబ్బరు ప్యాడ్లా, పెట్టె కట్టడమా, కొత్త మెషీనా?

పగలంతా పట్టించుకోని ఏసీ చప్పుడు రాత్రి దీపం ఆర్పగానే చెవిలో జోరీగలా మొదలవుతుంది. మెషీన్ మారలేదు, చుట్టూ ఉన్న సందడి ఆగింది, అంతే. పడకగదిలో ఏకధాటిగా వచ్చే శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. విండో ఏసీల్లో చాలావరకు 50 చుట్టూ ఉంటాయి. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది కాబట్టి, 30కీ 50కీ మధ్య తేడా సుమారు నాలుగింతలు.

డబ్బు తీసే ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. స్ప్లిట్ ఏసీ అయితే, బయట పెట్టే దాని అవుట్‌డోర్ యూనిట్ బిగించిన గోడకు లోపలి వైపు చెవి ఆనించండి. గది మధ్యలో కన్నా అక్కడ గుయ్‌మనడం ఎక్కువగా ఉంటే చప్పుడు గోడలోంచి వస్తోంది. కిటికీ తీయగానే ఎక్కువైతే గాలిలోంచి వస్తోంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

గోడలోంచి వచ్చే అదురుకు రబ్బరు ప్యాడ్లను మించింది లేదు. ఖర్చు తక్కువ, పని గంటలో అయిపోతుంది. కాకపోతే యూనిట్ బరువుకు తగ్గవి వేయాలి. బరువుకు పూర్తిగా అణిగిపోయిన రబ్బరు, రాయి రెండూ ఒకటే. మా ఇంట్లో ప్యాడ్లు మార్చాక కూడా వారం రోజులు అదే గుయ్. మెకానిక్ మళ్లీ వచ్చి చూస్తే రాగి పైపు గోడ కన్నంలో అంచుకు ఆనుకుని ఉంది. కంప్రెసర్ అదురంతా దాని మీదుగానే లోపలికి వచ్చేస్తోందన్నమాట. పైపు చుట్టూ మెత్తటి తొడుగు దూర్చాక గానీ నిద్ర పట్టలేదు.

యూనిట్ చుట్టూ పెట్టె కట్టించడం చాలామందికి ముందుగా తట్టే ఆలోచన. నాకైతే ఇది అన్నిటికన్నా చివరి దారి. బయటకు వదిలిన వేడిగాలినే యూనిట్ మళ్లీ పీల్చుకుంటుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, ఒక్కోసారి చప్పుడూ పెరుగుతుంది. లోపల రెండు సెంటీమీటర్ల ఫోమ్ అతికించి తృప్తిపడేవాళ్లూ ఉన్నారు. 100 హెర్ట్జ్ గుయ్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు, అంత పల్చటి ఫోమ్‌ను అది లెక్కచేయదు. అడ్డు పెట్టాలనుకుంటే వినే చోటికీ యూనిట్‌కీ మధ్య, ఒక్క వైపే, సందుల్లేని బరువైన అడ్డుగోడ పెట్టండి. గాలి పీల్చే వైపు, వదిలే వైపు ఖాళీగా ఉండాలి.

వీలుంటే చోటు మార్చడం ఇంకా నయం. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. రెండు గోడలు కలిసే మూలలో యూనిట్ ఉంటే చప్పుడు అక్కడ కొట్టుకుని మనవైపే తిరిగొస్తుంది. అక్కడి నుంచి జరిపినా తేడా తెలుస్తుంది. కాకపోతే పైపు పొడవు పెరుగుతుంది, గ్యాస్ సరిచూడాలి.

ఇక కొత్త ఇన్వర్టర్ మెషీన్. పాత రకం కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా ఉలిక్కిపడేలా చేస్తుంది, ఇన్వర్టర్ గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుని నడుస్తూ ఉంటుంది. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గితే దాని చప్పుడు ఇంచుమించు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. గాలిలోంచి వచ్చే రొదకు ఇదే అసలైన మందు, ఖర్చూ అలాగే ఉంటుంది. అయితే గదికి చాలని చిన్న మెషీన్ కొంటే రాత్రంతా పూర్తి వేగంతోనే నడుస్తుంది, అప్పుడు ఇన్వర్టర్ అయినా ఒరిగేది తక్కువే.

అదురు ఉంటే ముందు ప్యాడ్లు, పైపు చూసుకోండి. రొద గాలిలోంచే వస్తుంటే, మెషీన్ ఎలాగూ పాతబడితే, ఇన్వర్టర్‌కు వెళ్లండి. ఒక్కటి మాత్రం, కొత్త మెషీన్‌ను పాత తుప్పు బ్రాకెట్ మీదే బిగించేస్తామంటే ఒప్పుకోకండి, పాత గుయ్ మళ్లీ వస్తుంది.