కోట గొంతు కోసం కొన్న సౌండ్‌బార్

2025 జూలై 13, ఆదివారం పొద్దున కోట శ్రీనివాసరావు పోయారని టీవీలో వచ్చేసరికి మా నాన్న ఉప్మా తింటున్నాడు. కింద స్క్రోలింగ్ చదివి ప్లేటు పక్కన పెట్టేశాడు. "మొన్న పదో తారీఖే కదరా పుట్టినరోజు. ఎనభై మూడు నిండాయి. నాకంటే మూడేళ్లు పెద్ద" అన్నాడు. ఇక ఆ వారమంతా ఏ ఛానల్ తిప్పినా ఆయన సినిమాలే. నాన్న సౌండ్ నలభై దగ్గర మొదలుపెట్టి డెబ్భై దాకా తీసుకెళ్లాడు. నాలుగో రాత్రి పై వాటా వాళ్లబ్బాయి మెట్ల మీద నిలబడి, "అంకుల్, రేపు నాకు ఎగ్జామ్" అన్నాడు, పాపం చాలా మర్యాదగానే.

నేను సౌండ్‌బార్, అంటే టీవీ దగ్గర పెట్టుకునే పొడుగాటి స్పీకర్, కొనడానికి వెనకున్న కథ ఇంతే. కంపెనీ పేరు, షాపు పేరు రాయను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పైగా ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే తీరు. ఇంట్లో చెవులు మందగించిన పెద్దవాళ్లున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

నాన్నకి కోట అంటే అభిమానం అనడం కంటే చుట్టరికం అనడం సబబు. ఆయనది కంకిపాడు. మాది అదే బందరు రోడ్డు మీద ఇంకొంచెం ముందుకెళ్తే వచ్చే ఉయ్యూరు. ఆయన స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడాడు. నాన్న ఇంకో బ్యాంకులో గుమస్తా, నాటకాలు ఆడలేదు కానీ చూశాడు. "కౌంటర్లో కూర్చుని రోజుకి వందమందిని చూసినోడికి మనుషులెలా మాట్లాడతారో ఒకరు నేర్పాలా?" అంటాడు. 1999లో కోట బీజేపీ తరఫున విజయవాడ తూర్పు ఎమ్మెల్యే అయ్యారు. మేం ఉండేది ఆ నియోజకవర్గంలోనే కాబట్టి మా ఎమ్మెల్యేనే. ఓటు వేశావా అని అడిగితే మాత్రం నాన్న ఇప్పటికీ మాట మారుస్తాడు.

ఇక్కడో విషయం చెప్పాలి. సౌండ్ డెబ్భై పెట్టినా నాన్నకి మాట అర్థం కావడం లేదు. అరుపు వినిపిస్తోంది, మాట వినిపించడం లేదు. చెవుల డాక్టరుని అడిగితే ఆయన చెప్పింది ఇదీ. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు వినే శక్తి. అచ్చులు లావుగా ఉంటాయి కాబట్టి వినిపిస్తూనే ఉంటాయి. సకారం, తకారం, కకారం లాంటి హల్లుల పదునంతా సుమారు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యలోనూ, ఆ పైనా ఉంటుంది. చెవిలో జారిపోయేవి అవే. సౌండ్ పెంచితే అచ్చులు ఇంకా గోల చేస్తాయి తప్ప హల్లులు తేలవు. దానికి తోడు ఇప్పటి పలచటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకి తగిలి మన దగ్గరికి వస్తుంది. వినికిడి మిషన్ ఉంది కదా అంటారేమో. ఉంది, బీరువా సొరుగులో. పెట్టుకుంటే చెవిలో కందిరీగ దూరినట్టుందట.

కోట విషయంలో హల్లులు పోతే సగం మనిషి పోయినట్టే. ఆయన మాటని వత్తడంలో, నమలడంలో, మధ్యలో తుంచి పారేయడంలోనే పాత్ర ఉంటుంది. ముఖం చూడకుండా గొంతు విని ఇది ఏ సినిమా కోటో చెప్పేయొచ్చు.

షాపులో కుర్రాడు నన్ను నేరుగా ఒక 2.1 సెట్ ముందు నిలబెట్టాడు. అంటే ఎడమ, కుడి స్పీకర్లు, వాటికి తోడుగా దడదడలాడే లావు శబ్దాల కోసం ఓ పెద్ద సబ్‌వూఫర్. ఏదో ఫైటింగ్ సీను పెట్టి "చూడండి సార్, అదిరిపోద్ది" అన్నాడు. అదిరింది. నా పొట్ట కూడా అదిరింది. 8,990 కట్టి తెచ్చుకున్నా. ఇంట్లో 'మామగారు' పెట్టాం. కోట తన్నినప్పుడల్లా పై వాటాలో బస్తా పడేసినట్టు ధబ్‌మని చప్పుడు. నాన్నకి బాబూమోహన్ తిన్న తన్నులు వినిపించాయి కానీ ఇద్దరి మాటలు వినిపించలేదు. ఆ జంట సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తన్నుకి ముందొచ్చే మాట వింటేనే కదా తన్నుకి నవ్వొచ్చేది.

మార్చడానికి షాపు చుట్టూ రెండు రోజులు తిరిగాను. డబ్బా చిరిగిందన్నారు, మేనేజర్ లేడన్నారు. చివరికి ఇంకో 3,500 వేసుకుని 3.1 తెచ్చా. దీంట్లో మధ్యలో మాటల కోసం విడిగా ఒక స్పీకర్ ఉంటుంది, వాయిస్ మోడ్ అనే బటన్ కూడా ఉంది. మీరు కొనేటప్పుడు ఆ మధ్య స్పీకర్ ఉందో లేదో చూసుకోండి. డబ్బా మీద ఎన్ని వాట్లు రాసుంటే మాత్రం ఎవరికి కావాలి? ఇంకో మాట, షాపులో ఫైటింగ్ వద్దని, ఇద్దరు మనుషులు వంటింట్లో మాట్లాడుకునే సీను ఏదైనా పెట్టమని అడగండి.

మొదటి పరీక్ష 'అహ నా పెళ్ళంట', 1987. జంధ్యాల తీసిన సినిమా, పిసినారి లక్ష్మీపతి. పాత సినిమాల్లో మాట, పాట, నేపథ్య సంగీతం అన్నీ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటాయి. అందుకని వాయిస్ మోడ్ ఏం చేస్తుందో అని నాకు అనుమానంగానే ఉంది. నొక్కాను. సంగీతం కాస్త రేకు డబ్బాలో మోగినట్టయింది, నిజమే. కానీ మాట ముందుకొచ్చి కూర్చుంది. పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ కింద ఉత్తన్నం తినే సీను వచ్చింది. నాన్న ముద్ద కలపక ముందే నవ్వడం మొదలుపెట్టాడు. నేను మాత్రం ఈసారి చెవులతో చూశాను. ఆ మనిషి ఎంత తృప్తిగా తింటాడంటే ఎక్కడా కామెడీ చేస్తున్నట్టు ఉండదు. పగిలిన కళ్లద్దం, ఒంటికి చుట్టుకున్న పేపరు, అన్నీ ఆయనకి మామూలే. "నాకేంటి?" అనే మాటని లక్ష్మీపతి లెక్క చూసుకుంటున్న గుమస్తాలా అంటాడు. నాన్న సౌండ్ ముప్ఫై రెండు దగ్గర ఆపి రిమోట్ పక్కన పెట్టేశాడు. నాకు ఆ అంకె చాలు.

రెండో రాత్రి 'ప్రతిఘటన'. 1985లో టి.కృష్ణ తీసింది. మంత్రి కాశయ్యగా కోట తెలంగాణ యాసలో మాట్లాడతారు. జనం ఆయన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవడం మొదలైంది అక్కడే. మా ఆవిడది హన్మకొండ. పెళ్లయి వచ్చి పద్నాలుగేళ్లయింది, ఈ సినిమా ఎప్పుడు పెట్టినా లేచి వెళ్లిపోయేది. ఆ రోజు మాత్రం కూర్చుంది. కాసేపు విని, "విలన్‌కి మా యాస, కమెడియన్‌కి మా యాస. హీరోలకి మాత్రం మీ భాష. ఏండ్లకేండ్లు ఇదే కద మామయ్యా?" అంది. నాన్న ఏదో సర్దిచెప్పబోయి ఆగి, "నిజమేనమ్మా" అన్నాడు. నేను గోడ వైపు చూస్తున్నాను. ఇంకో పది నిమిషాలకి ఆమే మళ్లీ, "ఈయన మాత్రం ఎక్కిరిస్తలేడు. ఒకట్రెండు మాటలు మా దిక్కు అట్ల అనరు గానీ, మనిషైతే ఉన్నడు. మా నాయన దోస్తు ఒకాయన అచ్చం గిట్లనే మాట్లాడ్తడు" అంది. కంకిపాడు మనిషికి హన్మకొండ మనిషి నుంచి ఆ మాట రావడం నా లెక్కలో నందికి తక్కువేం కాదు. నందులు ఆయనకి తొమ్మిది వచ్చాయి, 2015లో పద్మశ్రీ వచ్చింది. ఆ జాబితా చదవడం నాకంత ఇష్టం ఉండదు.

సౌండ్‌బార్ సంగతికొస్తే, ఆమె వంటింట్లోంచి కూడా మాట స్పష్టంగా ఉందని చెప్పింది. అంటే తలుపు దాటి వెళ్తోంది, కానీ పై వాటాకి వెళ్లడం లేదు. ఆ అబ్బాయిని అడిగి మరీ కనుక్కున్నా.

మూడో పరీక్షకి 'అతడు' పెట్టా, 2005. ఇక్కడ కష్టం వేరు. బాజిరెడ్డిగా కోట మాట్లాడుతున్నప్పుడు సౌండ్ పెంచాలి, తుపాకీ పేలగానే తగ్గించాలి. రిమోట్ చేతిలో పట్టుకుని కాపలా కాయాలి. నైట్ మోడ్ నొక్కితే పెద్ద శబ్దాల్ని అణిచి చిన్నవాటిని లేపుతుంది. కొంత వరకు పనిచేసింది. తుపాకులు టపాకాయల్లా అయిపోయాయి, అది మాకేం నష్టం కాదు. మధ్యలో చెన్నై నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "ఏం చూస్తున్నరు, పెరుమాళ్ పిచ్చైనా?" అన్నాడు. తమిళంలో 2003లో వచ్చిన 'సామి'లో కోట పాత్ర పేరది. అక్కడ ఆయన్ని సొంత పేరుతో కంటే ఆ పేరుతోనే ఎక్కువ గుర్తుపడతారని వాడు చెప్తుంటాడు.

'ఆ నలుగురు' పెట్టింది ఒక శనివారం. 2004. మళ్లీ పిసినారే, పేరు కోటయ్య. లక్ష్మీపతికీ ఈయనకీ పదిహేడేళ్ల దూరం. ఇద్దరూ రూపాయి కోసం ప్రాణం పెట్టేవాళ్లే. లక్ష్మీపతికి రూపాయి సరదా. కోటయ్యకి రూపాయి భయం. ఈ తేడా నాకు ఇరవై ఏళ్లుగా తట్టలేదు. టీవీ స్పీకర్లో వింటే ఇద్దరూ ఒకేలా గొణుగుతున్నట్టుండేది. ఇప్పుడు కోటయ్య మాటకీ మాటకీ మధ్య పీల్చే గాలి కూడా వినిపిస్తోంది. ఆ గొణుగుడులో లెక్క తప్పుతుందేమోనన్న దిగులుంది. సినిమా చివరికొచ్చేసరికి నాన్న కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. కళ్లజోడునే, నేను చూశాను. కాసేపటికి కళ్లు కూడా.

'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే' నేను పెట్టలేదు. టీవీలో దానంతటదే వచ్చింది. కొడుకు కోసం, వాడు ప్రేమించిన అమ్మాయిని బతిమాలడానికి తండ్రిగా కోట వెళ్లడం, చెంపదెబ్బ తినడం, ఆ రాత్రే పోవడం. ఆ సినిమా 2007లోది. 2010లో కోట సొంత కొడుకు ప్రసాద్ రోడ్డు ప్రమాదంలో పోయాడు. సినిమాలో తండ్రి ముందు పోతాడు. నాన్న ఛానల్ మార్చమన్నాడు. మార్చాను. ఈ సీనులో సౌండ్‌బార్ ఎలా ఉందో నాకు తెలీదు.

పాటల పరీక్ష 'గబ్బర్ సింగ్'లోని 'మందుబాబులం'తో. అది పాడింది కోటే. ఇక్కడ వాయిస్ మోడ్ తీసేసి, సబ్‌వూఫర్ సగానికి పెట్టి విన్నాం. డెబ్భై ఏళ్ల మనిషి పాడుతున్నట్టు లేదు, నిజంగా అరుగు మీద కూర్చుని పాడుతున్నట్టుంది. ఈ ధరకి సంగీతం పర్వాలేదనిపించింది, అంతకు మించి ఆశించకండి.

ఇప్పుడు తిట్లు. మొదటిది, కరెంటు పోయి వచ్చినా, ఆపి మళ్లీ పెట్టినా వాయిస్ మోడ్ తనంతట తానే పోతుంది. ప్రతిసారీ నొక్కాలి. దీని తయారీదారుల ఇళ్లలో పెద్దవాళ్లు లేరేమో. రెండోది, బ్లూటూత్‌తో టీవీకి కలిపితే పెదాలు ముందు, మాట వెనక. కోట నోరు మూశాక మాట వస్తుంటే నాన్న టీవీ పాడైందనుకున్నాడు. కాబట్టి హెచ్‌డీఎంఐ తీగతోనే కలపండి, అదీ టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసున్న రంధ్రంలోనే. అలా కలిపితే టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెంచుకోవచ్చు, రెండు రిమోట్ల గొడవ చాలా వరకు తప్పుతుంది. ఆ తీగ మాకు డబ్బాలో రాలేదు, 450 పెట్టి విడిగా కొన్నా. మూడోది, బిగించడానికి మనిషి వస్తాడన్నారు. వచ్చాడు, తొమ్మిదో రోజున. అప్పటికి నేనే బిగించేశాను. గోడకి కొట్టిన మేకు చూసి "వంకరగా ఉంది సార్" అని చెప్పి వెళ్లాడు.

సబ్‌వూఫర్ ఇప్పుడు మంచం కింద ఉంది, తీగ పీకేసి. కోట సినిమాలకి దాని అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

మొత్తం అయిన ఖర్చు 12,940. అయిదుకి మూడున్నర ఇస్తా. వాయిస్ మోడ్ గుర్తుపెట్టుకుని ఉంటే నాలుగిచ్చేవాణ్ణి.

ఆ బటన్ మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, పైగా ఇంగ్లీషు. నాన్నకి కనపడవు. పోయిన వారం మందుల డబ్బాలోంచి తెల్ల ప్లాస్టరు ముక్క కత్తిరించి దాని కింద అంటించాడు, బాల్‌పెన్‌తో 'కోట' అని రాసి. ఇప్పుడు వార్తలు పెట్టినా, భక్తి ఛానల్ పెట్టినా, "ఒరే, కోట బటన్ నొక్కావా?" అని అడుగుతున్నాడు.