రైళ్ల ప్రైవేటీకరణ మీద నాటకం: వీధి నాటకమా, డాక్యుమెంటరీ నాటకమా?

మొన్న రైళ్ల ప్రైవేటీకరణ మీద మా నాటకం చదివి వినిపించినప్పటి నుంచి అందరిదీ ఇదే ప్రశ్న, ఇలాంటి సబ్జెక్ట్‌కి వీధి నాటకం ఉండగా ఈ ఇంటర్వ్యూల గోల మీకెందుకు అని.

వీధి నాటకాన్ని తక్కువ చేసేది లేదు. డప్పు కొడితే జనం చేరతారు, హాలు అద్దె లేదు, లైట్ల ఖర్చు లేదు, ఇరవై నిమిషాల్లో సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటోవాళ్లకి కూడా విషయం ఎక్కేస్తుంది. డాక్యుమెంటరీ నాటకం అంటే నిజం మనుషుల్ని ఇంటర్వ్యూ చేసి వాళ్ల మాటలతోనే అల్లేది, అది అలా కాదు, ఇంటర్వ్యూలకే నెలలు పడతాయి, చెప్పినవాళ్లని ఒప్పించాలి, పేర్లు మార్చాలి, చివరికి హైదరాబాద్‌లో లామకాన్ లాంటి సాంస్కృతిక వేదిక మీద వేస్తే వచ్చేదేమో ఎప్పుడూ వచ్చే జనమే.

అయినా నా ఓటు దానికే, అందులో మాటలు ఆ కష్టం అనుభవించినవాళ్ల నోటి నుంచే వస్తాయి కాబట్టి.

బ్రిటిష్ నాటక రచయిత డేవిడ్ హేర్ రాసిన ఇలాంటి నాటకం ‘ద పర్మనెంట్ వే’ 2003లో వచ్చింది. బ్రిటన్‌లో 1993 చట్టంతో రైల్వేని ముక్కలు చేసి పట్టాలు ఒకరికి, రైళ్లు వేరేవాళ్లకి, రిపేర్లు కాంట్రాక్టర్లకి ఇచ్చేశారు. ఆ తర్వాత జరిగిన నాలుగు ప్రమాదాల గురించి బతికి బయటపడ్డవాళ్లు, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు, ఆఫీసర్లు చెప్పిన మాటలే ఆ నాటకం. 2000లో హాట్‌ఫీల్డ్ దగ్గర పట్టా విరిగి నలుగురు పోయారు, దాని బదులు వేయాల్సిన కొత్త పట్టా అప్పటికే లైను పక్కన పడి ఉంది. వీధి నాటకంలో అయితే దీనికి కోటూ టోపీ వేసుకున్న సేఠ్ ఒకడు విలన్‌గా వస్తాడు, మనం తిట్టుకుని ఇంటికి పోతాం. ఇక్కడ అంత సులువుగా వదలరు, తప్పు ఎవడిదో తేల్చుకోడానికి చూసేవాడే తల పట్టుకోవాలి.

మా గ్రూపులో ఒకతను ముందు వీధి నాటకమే రాశాడు, ‘ప్రజల ఆస్తి అమ్మేస్తున్నారు’ అని. అందరం చప్పట్లు కొట్టాం, మెట్టుగూడ నుంచి వచ్చిన రిటైర్డ్ గ్యాంగ్‌మన్ (రైలు పట్టాలు చూసుకునే కార్మికుడు) బాబాయ్ మాత్రం ఉలకలేదు పలకలేదు. తర్వాత చాయ్ తాగుతూ చెప్పిండు, "సుత్తెతోటి కొడితె పట్టా పలుకుతది బిడ్డా, మంచిదైతె గణగణమంటది, పగిలిందైతె బొంగురుగ అంటది. ప్రైవేటోడు రానీ ఇంకోడు రానీ, ఆ సప్పుడు ఇనేటోడు ఒకడుండాలె గద." నేను వెంటనే ఫోన్లో రికార్డ్ ఆన్ చేశా. ఆ మాట మాలో ఎవ్వరం కూర్చుని రాయలేం, ఏళ్ల తరబడి లైను మీద నడిచినోడే చెప్పాలి.

హేర్ నాటకాన్నే తెలుగు చేసి వేసేయొచ్చుగా అంటారు కొందరు. కుదరదు, మన కథ వేరు. ఇక్కడ 2020లో 12 క్లస్టర్లలో, అంటే రూట్ల గుంపుల్లో, 151 ప్రైవేట్ రైళ్లు అన్నారు, సికింద్రాబాద్ కూడా ఆ క్లస్టర్లలో ఒకటి, ఆ ప్లాన్ ముందుకు సాగలేదు. పైగా మన ఊళ్లో అంతా ఉల్టా, కంపెనీ చేతిలో ఉన్న నిజాం రైల్వేని 1930లో సర్కారే తీసుకుంది.

షార్ట్ ఫిలిం అంటారా, ఫోన్లో సగం చూసి పైకి తోసేస్తారు, వదిలేయండి.

వచ్చే ఆదివారం మళ్లీ మెట్టుగూడ పోతున్నాం. ఇద్దరు గ్యాంగ్‌మన్లు దొరికారు, ఒక గేట్‌మన్ కావాలి, మీకెవరైనా తెలిస్తే చెప్పండి.