పాత అంబాసిడర్‌లో ఇసుజు ఇంజిన్, ఏసీ: ఐదేళ్లు వాడాక

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంట్లో 1981 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 ఉంది. నాన్నగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, అమ్మడానికి మనసొప్పక, నడపడానికి ఓపిక లేక చాలాకాలం కొబ్బరి కాయలు పోసే షెడ్డులో పడి ఉంది. 2020 చివర్లో దానికి 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్ వేయించి, అదే పనిలో ఏసీ కూడా పెట్టించాను. అప్పటి నుంచి 41 వేల కిలోమీటర్లు తిరిగింది, ఐదు రోహిణి కార్తెలు చూసింది. ఈ బండి చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, చల్లగా ఉంటుందా అని. ఉంటుంది. మొదటి రెండు నెలలు మాత్రం ఉండలేదు, ఎందుకో తెలిసిన రోజు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ముందు ఇంజిన్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. దీనికి పుట్టుకతో వచ్చింది 1489 సీసీ బీఎంసీ ఇంజిన్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలం నాటిది. అది ఇచ్చే పవరే యాభై చిల్లర. కారు ఏసీ కంప్రెసర్ తిరగడానికి మూడు నుంచి ఐదు హార్స్‌పవర్ తినేస్తుంది కాబట్టి, నలుగురు ఎక్కి సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన ఎక్కుతుంటే ఏసీ ఆపుకోవాల్సిందే. ఇసుజు దాదాపు 75 ఇస్తుంది, పైగా ఐదు గేర్లు. దీన్ని 90ల్లో కంపెనీయే అంబాసిడర్‌లో పెట్టి అమ్మింది గనక మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్, రేడియేటర్ అన్నీ ఒకే స్క్రాప్ బండి నుంచి దొరికాయి. స్టీరింగ్ పక్కనుండే గేరు పోయి కిందకి వచ్చింది, దానికోసం మధ్యలో రేకు కోసి వెల్డింగ్ చేయాల్సి వచ్చింది. ఇంజిన్ నంబరు మారినట్టు ఆర్‌సీలో ఎక్కించుకోవడం మాత్రం వదిలేయకండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నది ఇలాంటి మార్పుల కోసమే. ఇన్సూరెన్సువాళ్లకీ చెప్పాలి.

ఇక ఏసీ. ఇంజిన్ మార్చేస్తున్నాం కదా, ఏసీ సంగతి వచ్చే వేసవికి చూద్దాంలే అని మా మేస్త్రి అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఈ మొత్తం కథలో నేను తెలివిగా చేసిన పని అదొక్కటే. ఇంజిన్ బయట ఉన్నప్పుడు బండి ముందు భాగమంతా ఖాళీ. కంప్రెసర్ బ్రాకెట్ బ్లాకుకి ఎక్కడ బిగించాలి, దాని పుల్లీ క్రాంక్ పుల్లీతో ఒకే వరసలో వచ్చిందా లేదా అన్నది స్టాండ్ మీద పెట్టుకుని స్కేలు ఆనించి చూసుకోవచ్చు. మా బ్రాకెట్ లేత్ షాపులో రెండుసార్లు చేయించాం. మొదటిది చూడ్డానికి బాగానే ఉంది, పుల్లీ మూడు మిల్లీమీటర్లు పక్కకి వచ్చింది, అంతే. ఆ మూడు మిల్లీమీటర్లకే బెల్టు కీచుమని అరుస్తుంది, ఒక పక్క అరిగి పోగులు పోగులుగా వచ్చేస్తుంది. ఇంజిన్ బండిలో ఉండగా ఇది కనిపెట్టాలంటే మనిషి నడుం విరుగుతుంది.

కంప్రెసర్ 508 అనే మోడల్, గ్యాస్ ఆర్134ఏ. పైపులన్నీ ఈ గ్యాస్‌కి సరిపడే బ్యారియర్ హోస్‌లే వేయించాను, పాత ఆర్12 కాలం నాటి రబ్బరు పైపుల్లోంచి ఇది మెల్లగా జారిపోతుంది. గ్యాస్ ఎక్కించి బయల్దేరితే హైవే మీద అదిరిపోయింది. తణుకు వెళ్లి వచ్చేదాకా అమ్మ పమిట భుజాల చుట్టూ కప్పుకునే కూర్చుంది. కానీ ఊళ్లో రైల్వే గేటు పడిందంటే చాలు, రెండు నిమిషాల్లో వేడిగాలి, మూడో నిమిషంలో కంప్రెసర్ టక్కుమని ఆగిపోవడం, హీట్ ముల్లు పైకి పాకడం. పెట్టించిన షెడ్డువాళ్లు గ్యాస్ ఎక్కువైందని ఒకసారి తీశారు, తక్కువైందని ఇంకోసారి వేశారు, థర్మోస్టాట్ మార్చారు. ప్రతిసారీ ఎనిమిది వందలో వెయ్యో. చివరికి భీమవరంలో ఒక పెద్దాయన, బస్సుల ఏసీలు చేసేవాడు, మీటర్లేవీ తీయకుండా న్యూస్ పేపరు చింపి ముక్క గ్రిల్ ముందు పట్టుకున్నాడు. ఏసీ వేసి, బండి నిలబెట్టి ఉంచితే ఆ ముక్క లోపలికి అతుక్కోవాలి. మాది బయటికి ఎగిరి ఆయన బనీను మీద పడింది.

కండెన్సర్ అంటే గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ, గ్రిల్ వెనక ఉంటుంది. దాని ముందు పెట్టిన ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి వైర్లు తారుమారు చేశారు, అది ఉల్టా తిరుగుతోంది! ఇంజిన్ ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంటే ఇది బయటికి నెడుతోంది, రెండింటి మధ్యా గాలి కదలడం లేదు. నిలబడితే కండెన్సర్‌లో ప్రెషర్ పెరిగి స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తోంది. అరవైలో పోతున్నప్పుడు ఎదురుగాలి ఫ్యాన్‌ని మించి తోసుకొస్తుంది కాబట్టి అప్పుడు బాగానే ఉండేది. రెండు వైర్లు అటుదిటు మార్చాడు, యాభై రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత కండెన్సర్, రేడియేటర్ పక్కల సందుల్లో స్పాంజి పట్టీలు కూడా పెట్టించాడు, గాలి పక్కదారి పట్టకుండా. ఇప్పుడు బయట 36 ఉంటే కదులుతున్నప్పుడు వెంట్ దగ్గర 9, గేటు దగ్గర నిలబడితే 15 చూపిస్తుంది. వంట థర్మామీటరు గుచ్చి చూసినవి, ల్యాబ్ లెక్కలు కావు.

మన ప్రాంతంలో ఇంకో పేచీ ఉంది, తేమ. బిగించేటప్పుడు షెడ్డువాళ్లు పైపుల మూతులు తీసి నాలుగు రోజులు అలాగే వదిలేశారు, పైన ముసురు. కంప్రెసర్ ఆయిల్ గాల్లో తడిని పీల్చుకుంటుంది, డ్రయ్యర్ అయితే అందుకే ఉన్నది. ఆ డ్రయ్యర్ పారేసి కొత్తది వేయమని గొడవపడితే, కొత్తదే కదండీ అంటారు. కొత్తదే, కానీ మూత తీసిన గంట నుంచే అది తడి తాగుతోంది. నీళ్లు లోపల మిగిలితే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వదిలే సన్న దారి, ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి చల్లదనం వస్తూ పోతూ ఉంటుంది, యాసిడ్ పుట్టి లోపల తినేస్తుంది కూడా. లోపలి గాలి, తడి లాగేసే వ్యాక్యూమ్ పంపు పది నిమిషాలు పెట్టి తీసేస్తామంటే ఒప్పుకోకండి. మాది గంటసేపు లాగించి, ఆపేసి, టీ తాగి వచ్చి ముల్లు కదలలేదని చూశాకే గ్యాస్ ఎక్కించాం. చవకగా వస్తుందని వంటగ్యాస్ జాతివి నింపే వాళ్ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు, కాలు దగ్గరే కూలింగ్ కాయిల్ పెట్టుకుని మండే గ్యాస్ ఏమిటండీ.

కరెంటు లెక్క కూడా ముందే చూసుకోవాలి. పాత డైనమో 22 ఆంపియర్లు ఇస్తే గొప్ప. కంప్రెసర్‌ని కలిపే కరెంటు క్లచ్‌కి నాలుగు, ఫ్యాన్, బ్లోయర్ కలిపి 18 దాకా, రాత్రయితే హెడ్‌లైట్లకి ఇంకో పది. 65 ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేయించాను, ఫ్యాన్‌కి విడిగా రిలే పెట్టించాను. ఏసీ వేయగానే ఇంజిన్ ఆగిపోకుండా కార్బురేటర్‌కి ఐడిల్ పెంచే చిన్న డయాఫ్రమ్ ఉంటుంది, మూడో ఏడు అది చిరిగింది, 600 అయింది.

లోపల బ్లోయర్ డాష్‌బోర్డు కింద వేలాడుతుంది. అందంగా లేదు. ముందు సీట్లో పొడుగు మనిషి కూర్చుంటే మోకాలికి తగులుతుంది, మా బావగారికి ప్రతి పండక్కీ ఇదే ఫిర్యాదు. వెనక సీటుకి చల్లదనం చేరడానికి పది నిమిషాలు పడుతుంది. డోర్ బీడింగులన్నీ మార్చి, ఫ్లోర్ మీదా ఇంజిన్ వైపు రేకు మీదా ఫెల్టు పరిపించాకే ఆ మాత్రం వచ్చింది. ముందు తలుపుల త్రికోణపు అద్దాల దగ్గర ఇప్పటికీ సన్నగా గాలి వస్తుంది, దానికి మందు లేదు.

కూలింగ్ కాయిల్ నుంచి కారే నీళ్లు మాత్రం తమాషా. ఆగస్టులో అమలాపురం వెళ్లి వస్తే బండి కింద చెంబుడు నీళ్లు మడుగు కడతాయి, అదంతా లోపలి గాల్లోంచి పిండిన చెమ్మే. ఒకరోజు నీళ్లు బయటికి కారడం మానేసి అమ్మ పాదాల మీద కారాయి. డ్రెయిన్ పైపులోకి తీగ దూరిస్తే మట్టి రాలింది, లోపల నాలుగు ఆకుపచ్చ గొంగళ్లు. మట్టితో గూడు కట్టే కందిరీగ అందులో కాపురం పెట్టేసింది! అప్పటి నుంచి పైపు చివర దోమతెర ముక్క కట్టి ఉంచుతున్నాం. ఎలుకలు కూడా ఒకసారి క్లచ్ వైరు కొరికాయి, వరి కోతల రోజుల్లో షెడ్డులోకి వస్తాయి.

నేను అనుకోని లాభం వానాకాలంలో వచ్చింది. ఇదివరకు వానలో లోపల అద్దమంతా ఆవిరి పట్టి, ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో గుడ్డ. కాలవ గట్టు మీద ఎదురుగా లారీ వస్తుంటే టెన్షన్. ఇప్పుడు ఏసీ వేస్తే నిమిషంలో అద్దం తేట. మరీ చల్లగా పెడితే అద్దానికి బయటవైపు ఆవిరి పడుతుంది, వైపరు ఒకసారి వేస్తే పోతుంది.

ఖర్చు: ఇంజిన్, గేర్‌బాక్స్, కూలీతో 78 వేలు, ఏసీ 43 వేలు. మైలేజీ ఏసీతో ఊళ్లో 8, హైవే మీద 11. గ్యాస్ రెండేళ్లకోసారి కొంచెం వేయించాల్సి వస్తోంది, కంప్రెసర్ ముందు సీలు దగ్గర నూనె మరక కనపడుతోంది. రోజూ తిరగడానికి అయితే ఈ డబ్బుతో ఏసీ ఉన్న పాత చిన్న కారు కొనుక్కోండి, నిజం చెబుతున్నాను. ఈ బండే కావాలి, వేసవిలోనూ ఎక్కాలి అనుకునేవాళ్లకే ఇది.

ఇప్పుడున్న బాధ కండెన్సర్. ఉప్పుగాలికి రెక్కలు పొడిపొడిగా రాలుతున్నాయి, కింద రెండు వరసలు వేలితో నొక్కితే పోతున్నాయి. ఈసారి పారలల్ ఫ్లోది, అంటే గ్యాస్ ఒకేసారి చాలా సన్న గొట్టాల్లో పారేది వేయిస్తాను, గ్రిల్ వెనక చోటు కొలిచి పెట్టుకున్నాను, 14 × 21 అంగుళాలది పడుతుంది. ఫ్యాన్ వైర్లకి మాత్రం ఎర్ర టేపు ఒకటి, నల్ల టేపు ఒకటి నేనే చుట్టి ఉంచాను.