పొట్టిక్కలు ఏడున్నరకే అయిపోతాయి: గోదావరి జిల్లాల హోటళ్లు, తిండి బళ్లు

అంబాజీపేటలో ఉదయం తొమ్మిది గంటలకు పొట్టిక్కలు అడిగితే, హోటలు యజమాని మా వైపు కాస్త జాలిగా చూసి, "తొమ్మిదింటికి ఏముంటాయండీ, ఏడున్నరకే అయిపోయాయి. రేపు పెందరాళే వచ్చెయ్యండి, ఆయ్" అన్నారు. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం మీదుగా ఆకలితో వచ్చిన మాకు ఆ మాట అప్పుడు రుచించలేదు. కానీ ఫిబ్రవరి నెలలో అయిదు రోజులపాటు కోనసీమ, తాపేశ్వరం, కాకినాడ, మారేడుమిల్లి తిరిగి పెద్ద హోటళ్లలోనూ, తోపుడు బళ్ల దగ్గరా, వ్యాన్ల దగ్గరా తిన్నాక, ఇక్కడి తిండిని బేరీజు వేయడానికి ఆ యజమాని మాటే సరైన కొలబద్ద అని నాకు తేలింది. ఈ ప్రాంతంలో మంచి తిండి పెట్టేవారికి తమ వంటకం ఏదో తెలుసు, దాని వేళ ఏదో కూడా తెలుసు. అన్ని వేళలా అన్నీ దొరుకుతాయని బోర్డు పెట్టిన చోట మాత్రం మేము మూడుసార్లు తిని మూడుసార్లూ చింతించాము.

మర్నాడు ఆరు గంటలకే అదే హోటలు ముందు నిలబడ్డాము. పొట్టిక్క అంటే తెలియనివారికి చెప్పాలి: నాలుగు పనసాకులను చిన్న చిన్న పుల్లలతో కుట్టి బుట్టలా చేస్తారు, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీకి, దీనికి పిండిలో పెద్ద తేడా లేకపోయినా రుచిలో చాలా తేడా ఉంది. ఆకు వేడెక్కినప్పుడు వచ్చే ఆ పచ్చి వాసన పిండిలోకి దిగుతుంది, ఆకు ఒలిచినప్పుడు దాని ఈనెల గీతలు పొట్టిక్క ఒంటి మీద అచ్చు పడి కనిపిస్తాయి. ఒలవడానికి ముందు పుల్లలు తీసి పక్కన పెట్టుకోవడం మరవకూడదు, ఎందుకంటే తొందరలో నేను ఒకదాన్ని కొరికి నాలుక గుచ్చుకున్నాను. అల్లం పచ్చడి తియ్యగా, ఘాటుగా, చిక్కగా ఉంది. కొబ్బరి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు కాబట్టి కొబ్బరి చట్నీలో పప్పుల వాటా తక్కువగా, కొబ్బరి వాటా ఎక్కువగా ఉండటంలో వింత లేదు. మా అత్తగారు పాలకొల్లు వైపువారు, దిబ్బరొట్టె, చెరకు పానకం తిని పెరిగిన మనిషి, తేలిగ్గా దేన్నీ మెచ్చుకోరు. ఆవిడ మూడో పొట్టిక్క ఒలుస్తూ, "పిండి సరిగ్గా పులిసింది బాబూ, నిన్న రాత్రి రుబ్బినదే" అన్నారు. ఆ ఇంట్లో ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఎవరికీ దొరకదు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే పెళ్లి పందిళ్లలో వాటికి గుర్తింపు ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక నుంచి కాలువ గట్టు వెంట ఆ ఊరికి వెళ్లే దారే చూడముచ్చటగా ఉంటుంది. దుకాణంలో డబ్బా కొనుక్కుని వచ్చేయకుండా, రేకు తీసే ఇంటిని ఒకదాన్ని అడిగి చూడమని నా సలహా. బోర్లించిన నున్నటి కుండ కింద కొబ్బరి ఆకుల మంట పెట్టి, నానబెట్టి రుబ్బిన బియ్యపు పలుచటి పాలలో గుడ్డను ముంచి, ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి పరచి లాగేస్తారు. గుడ్డ వెళ్లిపోయిన చోట కాగితం కంటే పలుచగా రేకు మిగులుతుంది, రెండు మూడు క్షణాల్లో అంచు దానంతట అదే లేస్తుంది. ఆ అంచు లేచే క్షణం పట్టుకోకపోతే రేకు మాడిపోతుంది. మంట సెగలో గంటల తరబడి కూర్చుని ఈ పని చేస్తున్నది దాదాపు ఎప్పుడూ ఆడవారే కాబట్టి, ఒక్కో పూతరేకు ధర ఎక్కువని బేరమాడటానికి నాకు నోరు రాలేదు. దుకాణాల్లో ఇప్పుడు చాక్లెట్ పూతరేకులు కూడా అమ్ముతున్నారు. అవి పిల్లలకు నచ్చవచ్చు, నాకు మాత్రం రేకు రుచి ఎక్కడా దొరకలేదు. బెల్లం, నెయ్యి మాత్రమే వేసినవాటిని అదే రోజు చుట్టినవి అడిగి తీసుకోండి. నోట్లో పెట్టగానే కరగకుండా పళ్లకు తోలులా సాగితే అది నిల్వ సరుకని అర్థం.

కాజాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వీటి మీద రెండు ఊళ్ల మధ్య తీర్పు చెప్పి బయటపడినవారు లేరు. తాపేశ్వరానిది మడత కాజా, పొరలు పొరలుగా విడిపోతుంది, పాకం పొరల మధ్య ఉంటుంది. కాకినాడ కోటయ్య కాజా గొట్టం కాజా, పాకమంతా లోపలి బోలులో ఉంటుంది కాబట్టి సగం కొరికితే చొక్కా మీద పడుతుంది. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోవాలి, ఆ పని నలుగురిలో మర్యాదగా చేయడం సాధ్యం కాదు. 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ పుస్తకానికెక్కింది తాపేశ్వరమే. అయినా అంత పెద్ద లడ్డూ కంటే, వేడి మూకుడులోంచి పాకంలోకి, పాకంలోంచి పళ్లెంలోకి వచ్చిన చిటికెన వేలంత కాజా నాకు ఎక్కువ గౌరవనీయంగా కనిపించింది. నా ఓటు తాపేశ్వరానికే.

కాకినాడలో మధ్యాహ్న భోజనానికి సుబ్బయ్య హోటలుకు వెళ్లాము. శాకాహారం మాత్రమే వండే ఈ హోటలు పేరు ఇప్పుడు హైదరాబాదు దాకా పాకింది. ఇంటికి పట్టుకెళ్లేవారికి ఇక్కడి బుట్ట భోజనం బాగా ప్రసిద్ధం: అన్నంతో సహా వంటకాలన్నీ బుట్టలో సర్ది ఇస్తారు, ఒక కుటుంబం హాయిగా తినవచ్చు. మేము మాత్రం అక్కడే ఆకు ముందు కూర్చున్నాము. పప్పు, వేపుడు, ముద్దకూర, పులుసు, రోటి పచ్చడి, కందిపొడి అని లెక్కపెట్టడం మొదలుపెట్టి, గడ్డ పెరుగు దగ్గరకు వచ్చేసరికి లెక్క తప్పాను. వంటకాల సంఖ్యను మెచ్చుకోవడం సులువు. నేను మెచ్చుకున్నది వడ్డన. కందిపొడిలో అన్నం కలుపుతుండగా నెయ్యి, అది అయ్యేలోపు పప్పు, పప్పు సగంలో ఉండగా వేపుడు మారు వచ్చాయి; ఎవరూ చెయ్యెత్తి పిలవనక్కరలేదు, ఆకు చూసి మనిషి ఎక్కడున్నాడో వారికే తెలుస్తుంది. రద్దీ బాగా ఉంటుంది కాబట్టి పన్నెండు లోపే వెళ్లడం మేలు. మీ వెనుక నిలబడి మీ ఆకు వైపు చూసేవారి చూపు భరించలేనివారు మరీ ముందుగా వెళ్లాలి.

ఇక చింతించిన చోటు గురించి. జాతీయ రహదారి పక్కన గోదావరి రుచులు అని నిలువెత్తు అక్షరాలతో బోర్డు, బయట ప్లాస్టిక్ ఎడ్లబండి, లోపల పన్నెండు పేజీల మెనూ ఉన్న ఒక పెద్ద రెస్టారెంటులో ఆగాము. పేరు చెప్పను, అటువంటివి ఇప్పుడు రహదారి పొడుగునా ఉన్నాయి. వెయిటరు నవ్వుతూ పులస పులుసు ఉందన్నాడు. పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చేది వరద నీరు ఎర్రబడిన రోజుల్లో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పుట్టింది ఏడాదంతా దొరికే చేప మీద కాదు. ఫిబ్రవరిలో పులస అంటే అది బయటి నుంచి ఐసు మీద వచ్చిన ఇలసైనా (గోదావరి ఎక్కని ఇదే జాతి చేప) కావాలి, లేదా మరేదో చేపైనా కావాలి. ఆ మాట అడిగితే ఫ్రీజరులో పెట్టామన్నాడు. ధర మాత్రం అసలు పులసకు తగ్గట్టే ఉంది. పోనీలే అని కోడి పలావు, పనసపొట్టు కూర చెప్పాము. పనసపొట్టులో ఆవ ఘాటు లేదు, ఆవ పెట్టని పనసపొట్టు కూర ఈ నేల మీద అమ్మడానికి ధైర్యం కావాలి. మా అత్తగారు ఒక ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, కారులో పెట్టుకున్న అరటిపళ్లు తిన్నారు. బిల్లు మాత్రం సుబ్బయ్య హోటలులో ముగ్గురం తిన్నదానికి రెట్టింపు దాటింది.

బళ్ల సంగతి వేరు. రాజమహేంద్రవరంలో సాయంత్రం గోదావరి గట్టు వెంట నడిస్తే పునుగులు, మిరపకాయ బజ్జీలు, టమాటా బజ్జీలు, మరమరాల మిక్చరు అమ్మే తోపుడు బళ్లు వరసగా కనిపిస్తాయి. వాటి మధ్యనే ఇప్పుడు ట్రాలీ ఆటో వెనుక భాగాన్ని రేకులతో కట్టించి, గ్యాసు పొయ్యి, పెనం, విద్యుద్దీపాలు బిగించిన వ్యాన్లు వచ్చాయి. వ్యాన్లలో ఎక్కువభాగం నూడుల్సు, మంచూరియా, ఫ్రైడ్ రైసు అమ్ముతాయి. అవి ఏ ఊళ్లోనైనా ఒకే రుచి, కాబట్టి వాటి గురించి రాయవలసింది లేదు. అయితే ఒక వ్యాను దగ్గర మాత్రం గంటసేపు నిలబడిపోయాము. భార్యాభర్తలిద్దరు నడుపుతున్న ఆ వ్యానులో పెసరట్టు తప్ప ఇంకేమీ లేదు. ఆయన పెనం మీద ఉల్లిపాయ సగం ముక్కతో నూనె రుద్ది, పొట్టు తీయని పెసల పిండిని గరిటె వెనుకతో పరచి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర జల్లి, అట్టు అంచు ఎర్రబడి పైకి లేచేదాకా ముట్టుకోలేదు. ఆవిడ ఈలోగా డబ్బు తీసుకుని, అదే చేత్తో పళ్లెం అందించకుండా పక్కన పెట్టుకున్న నీళ్లతో చెయ్యి కడుక్కుని మరీ అందించారు. బండి దగ్గర శుభ్రత గురించి భయపడేవారు చూడవలసింది ఈ చెయ్యే. నూనె మూకుడు రంగు, నీళ్ల డ్రమ్ముకు మూత, పళ్లెం కడిగే తీరు, ఈ మూడూ చూసి ఆగాలో సాగాలో తేల్చుకోవచ్చు. బళ్ల దగ్గర తినని మా అత్తగారు కారులోంచే సగం అట్టు తెప్పించుకుని, మిగతా సగం కూడా అడిగారు. అది అయ్యాక మెయిన్ రోడ్డు వైపు వెళ్లి రోజ్ మిల్క్ తాగాము. చిక్కటి పాలు, చల్లదనం, గులాబీ వాసన, తీపి ఒక పిసరు ఎక్కువ. మంటెక్కిన నోటికి ఆ పిసరు తప్పుగా తోచదు.

చివరి రోజు మారేడుమిల్లికి పెట్టుకున్నాము. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్ల ప్రయాణం, చివర్లో అడవి. రోడ్డు పక్కన పాకల ముందు బొంగు చికెన్ కాల్చేవారు వరసగా ఉంటారు. పచ్చి వెదురును ఒక వైపు కణుపు ఉండేలా నరికి, ఉప్పు, కారం, మసాలా పట్టించిన కోడి ముక్కలను అందులో కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద పెట్టి తిప్పుతూ ఉంటారు. నూనె చుక్క కూడా వేయరు. పచ్చి వెదురులోని తేమకే మాంసం ఉడుకుతుంది. నగరాల్లో ఇదే పేరుతో వచ్చేది చాలాచోట్ల ముందుగా నూనెలో వండి, తర్వాత బొంగులో పోసి తెచ్చిన కూర. అసలుదానికి, దానికి తేడా బొంగును చీల్చి ఆకు మీద వంచినప్పుడే తెలుస్తుంది: అసలుదానిలోంచి ఎర్రటి నూనె కారదు, పలుచటి రసం, వెదురు వాసన వేసే ఆవిరి వస్తాయి. ముక్క కొద్దిగా గట్టిగానే ఉంటుంది, ఉప్పు కొన్ని పాకల్లో ఎక్కువవుతుంది, కాబట్టి ముందు ఒక్క బొంగు చెప్పి రుచి చూసి రెండోది చెప్పండి. మీరు చెప్పాకే నిప్పుల మీద పెట్టేవారిని ఎంచుకుంటే అరగంట పైనే ఆగవలసి ఉంటుంది, అన్నం అన్ని పాకల్లోనూ దొరకదు, ఫోనుకు సిగ్నలు అందక డబ్బు చెల్లింపు ఆగిపోతుంది కాబట్టి చేతిలో నగదు ఉంచుకోవాలి. చీకటి పడేలోపు కొండ దిగాలంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా అక్కడ ఉండేలా బయలుదేరండి.