గ్రీన్ అపార్ట్‌మెంట్‌లో మూడేళ్లు: మేకు ఆగని గోడ, ఆపకూడని బ్లోయర్

గృహప్రవేశం అయిన మూడో రోజు మామయ్యగారి ఫొటో గోడకు తగిలిస్తే, గంట తిరక్కుండానే ఊడి కింద పడింది. టేకు ఫ్రేము, మందపాటి అద్దం, కలిపి నాలుగైదు కిలోలు ఉంటుంది. అత్తయ్య ఏమీ అనలేదు, అదే ఇబ్బందిగా అనిపించింది. అద్దం పగల్లేదు గానీ, గోడలో మేకు దిగిన చోట పిడికెడు తెల్లటి పొడి రాలి కొత్త టైల్స్ మీద పడింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే వచ్చి, ఆ గుంతను వేలితో గీకి చూసి, "గోడ మంచిగనే ఉంది మేడం, గని దీంట్ల మొల ఆగదు. ఇది సిమెంటు ఇడ్లీ" అన్నాడు.

నవ్వులాటకు అన్నా, తర్వాత చదివితే అది నిజమే. వీటిని ఏఏసీ బ్లాకులు అంటారు. థర్మల్ కేంద్రాల్లో మిగిలే ఫ్లై యాష్‌లో సున్నం, సిమెంటు కలిపి, కాస్త అల్యూమినియం పొడి వేస్తే లోపల గ్యాసు పుట్టి పిండి పొంగినట్టు పొంగుతుంది. దాన్ని ముక్కలు కోసి ఆవిరి మీద ఉడికిస్తారు. లోపలంతా గాలి గదులే. ఎర్ర ఇటుక బరువులో మూడో వంతు ఉంటుంది. ఆ గాలి వల్లే బయటి ఎండ లోపలికి తొందరగా దిగదు, ఆ గాలి వల్లే మామూలు మేకు పట్టుకోదు. డ్రిల్లులో హ్యామర్ మోడ్ ఆపేసి రంధ్రం చేసి, ఈ బ్లాకుల కోసమే అమ్మే పొడుగు నైలాన్ యాంకర్ దింపితే ఫొటో నిలబడింది. ఇప్పటికీ ఉంది. ఈ ముక్క తాళాలు ఇచ్చిన రోజు బిల్డర్ మనుషులు చెప్పి ఉంటే సరిపోయేది. క్లబ్‌హౌస్‌లో కాఫీ మెషిన్ ఎలా వాడాలో మాత్రం ఒక అబ్బాయి పావుగంట చెప్పాడు.

ఇది మేముంటున్న ఆ అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు రివ్యూ. హైదరాబాద్ శివార్లలో బాచుపల్లి దగ్గర, మూడు బ్లాకులు, 180 ఫ్లాట్లు. పేరు రాయడం లేదు, ఎందుకంటే బిల్డర్‌కీ మా అసోసియేషన్‌కీ మధ్య కార్పస్ ఫండ్ (ఫ్లాట్ల వాళ్ళందరి ఉమ్మడి నిధి) లెక్కలు ఇంకా తేలలేదు. నేను బ్యాంకులో పనిచేస్తాను. లెక్కలు వచ్చు కదా అని కిందటేడు నన్నే ట్రెజరర్‌ని చేశారు, ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి కూడా.

చుట్టుపక్కల వాటికంటే చదరపు అడుగుకు 300 రూపాయలు ఎక్కువ పెట్టి ఇక్కడ కొన్నాం. మా ఆయన వద్దన్నారు. నేనే పట్టుబట్టాను. దానికో కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట బ్యాంకు తరఫున కొత్తగూడలోని సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు వెళ్ళాను. 2004 జూలైలో అబ్దుల్ కలాం ప్రారంభించిన భవనం అది. గ్రీన్ భవనాలకు ఇచ్చే లీడ్ అనే రేటింగులో అమెరికా బయట ప్లాటినం తెచ్చుకున్న మొదటి భవనం మన హైదరాబాద్‌లోనే ఉందని అక్కడే తెలిసింది. గాలిని లోపలికి తెచ్చే బురుజులు, ఎండను జల్లెడ పట్టే జాలీ గోడలు, మిద్దె మీద పచ్చగడ్డి. మే నెలలో వెళ్ళినా లోపల ఉక్కగా అనిపించలేదు. గ్రీన్ అనే మాట వింటే నా మనసులో మెదిలేది ఆ వరండానే. మా బ్రోచర్‌లో ఆ మాట పదిసార్లు ఉంది, నేను పడిపోయాను.

లాబీలో లిఫ్టు పక్కన ఐజీబీసీ గోల్డ్ అని ఫలకం ఉంది. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో పుట్టింది, ఆఫీసు మన ఊళ్ళోనే. సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని వాళ్ళ మెట్లు. ఫలకం కింద చిన్న అక్షరాల్లో 'ప్రీ-సర్టిఫైడ్' అని ఉంటే, ఏడాదిన్నర దాని పక్కనే నిలబడి లిఫ్టు కోసం ఎదురుచూసిన నేను కూడా గమనించలేదు. డిజైన్ చూసి ముందుగా ఇచ్చేది ప్రీ-సర్టిఫికేషన్. కట్టడం పూర్తయ్యాక కాగితాలన్నీ పెట్టుకుని అసలు రేటింగ్ తెచ్చుకోవాలి. మా వాళ్ళను అడిగితే "ప్రాసెస్‌లో ఉంది మేడం" అంటున్నారు. ఆ ప్రాసెస్‌కు ఇప్పుడు రెండేళ్లు.

ఇంట్లో చల్లదనం సంగతి. హాలు బాగుంది, నిజంగా బాగుంది. కిందటి మే నెలలో మధ్యాహ్నం రెండింటికి బాల్కనీలో 41 ఉంటే హాల్లో ఫ్యాన్ కింద 34. గోడ మీద చెయ్యి పెడితే వేడి తెలియదు. అత్తయ్య భోజనం అయ్యాక అక్కడే చాప వేసుకుని పడుకుంటారు, ఏసీ అడగరు. వెనక బెడ్‌రూమ్ మాత్రం పెనమే. అక్కడా గోడ అదే, బ్లాకులు అవే. తేడా కిటికీది. నేల నుంచి దాదాపు సీలింగ్ దాకా ఒకటే అద్దం, పడమటి దిక్కు, పైన సజ్జా లేదు. ఎలివేషన్, అంటే భవనం బయటి రూపు, శుభ్రంగా కనబడాలని సజ్జాలు తీసేశారట. మన దగ్గర తూర్పు గుమ్మం ఉంటేనే ఫ్లాటు తొందరగా అమ్ముడుపోతుంది. గుమ్మం తూర్పుకు పెడితే పడక గది పడమరకు పోతుంది. వాస్తు సంగతి నేను మాట్లాడను గానీ, పడమటి కిటికీకి రెండడుగుల సజ్జా వేయడానికి ఏ వాస్తూ అడ్డు రాదు కదా. చివరికి మేమే బయటి వైపు వెదురు చాపల తెర కట్టించాం. సాయంత్రానికి మూడు డిగ్రీలు తగ్గింది. అసోసియేషన్ నుంచి 'ఎలివేషన్ పాడవుతోంది' అని నోటీసు వచ్చింది. నోటీసు మీద ట్రెజరర్ సంతకం కూడా ఉండాలన్నారు, నేను పెట్టలేదు.

అసలు చెప్పాల్సింది సెల్లార్ గురించి.

మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంటికీ రెండు నీటి లైన్లు. ఒకటి మంజీరా, బోరు కలిసిన మంచి నీళ్ళది. రెండోది సెల్లార్‌లోని ఎస్టీపీలో, అంటే మురుగు శుద్ధి ప్లాంటులో, శుద్ధి చేశాక తిరిగి పైకి పంపేది, అది ఫ్లష్‌కీ తోటకీ మాత్రమే. మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ఇంజినీర్లు లెక్క వేస్తారు, అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే. అంటే మూడో వంతు. ఆ మూడో వంతుకు కొత్త నీళ్ళు అక్కర్లేకపోవడం చిన్న విషయం కాదు. 2024 వేసవిలో పక్క అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పొద్దున్నే ట్యాంకర్లు వరస కట్టేవి. మాకు రోజుకు రెండుకు మించి అవసరం పడలేదు. ఆ రెండు నెలల్లో, కట్టిన 300 రూపాయలు గుర్తొచ్చి మా ఆయన వైపు కాస్త గర్వంగానే చూశాను.

తర్వాత నేను ట్రెజరర్ అయ్యాను. మొదటి నెల కరెంటు బిల్లు చూసి గుండె జారింది. మొత్తం కామన్ బిల్లులో ఎస్టీపీ వాటాయే ఎక్కువ, అందులోనూ ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లు రాత్రీ పగలూ తిరుగుతున్నాయి. బ్యాంకు బుర్ర కదా, రాత్రి ఎవరూ స్నానాలు చేయరు, పదకొండు నుంచి అయిదు దాకా ఆపేద్దాం అన్నాను. కమిటీలో అందరూ భేష్ అన్నారు. ఆపరేటర్ కుర్రాడు ఒక్కడే, "అట్ల ఆపితే మంచిగుండదు మేడం" అన్నాడు. వినలేదు.

పది రోజులకు మొదటి బ్లాకు వాళ్ళు కిటికీలు మూసుకోవడం మొదలుపెట్టారు. పదిహేనో రోజు మా ఇంట్లోనే ఫ్లష్ నొక్కితే పల్చటి టీ రంగు నీళ్ళు వచ్చాయి. వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పక్కర్లేదు. కిందికి వెళ్తే కుర్రాడు మూత తీసి చూపించాడు. మామూలుగా ఆ ట్యాంకులో నీళ్ళు కాఫీ రంగులో, నురగతో, కుతకుతలాడుతూ ఉండాలి. ఇప్పుడు నల్లగా, కదలకుండా, కుళ్ళిన గుడ్డు వాసన. మురుగును తినేది అందులో బతికే బ్యాక్టీరియా. వాటికి గాలి కావాలి, ఆ గాలి ఇచ్చేది బ్లోయర్. రోజూ ఆరు గంటలు ఊపిరి ఆపితే అవి నీరసించిపోతాయి, గాలి అక్కర్లేని రకం పెరుగుతుంది, వాసన దానిది. "పాలు తోడు పెట్టి ఫ్రిజ్‌ల పెడ్తె తోడుకుంటదా మేడం?" అన్నాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు.

మళ్ళీ దారిలో పెట్టడానికి వేరే ప్లాంటు నుంచి రెండు ట్యాంకర్ల బురద తెప్పించి పోశాం, తోడు కోసమే. దానికీ ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగించడానికీ కలిపి అయిన ఖర్చు, నేను మిగిల్చిన కరెంటు డబ్బుకు నాలుగింతలు. జనరల్ బాడీ మీటింగులో లెక్క నేనే చదివాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, చివర్లో రెండో బ్లాకు అంకుల్ ఒక్కరు, "పోన్లేమ్మా, నేర్చుకోవడానికి ఫీజు అనుకో" అన్నారు. ఇప్పుడు బ్లోయర్లు 24 గంటలూ తిరుగుతాయి. బాత్‌రూముల్లో యాసిడ్ పోయొద్దని లిఫ్టులో కాగితం అంటించాం. అది కూడా ఆ బ్యాక్టీరియానే చంపుతుంది. కాగితాన్ని ఎవరో సగం చింపేశారు, మళ్ళీ అంటించాం.

సోలార్ ఉంది, 50 కిలోవాట్లు, మూడు బ్లాకుల పైనా. బ్రోచర్‌లో 'సోలార్ పవర్డ్ కమ్యూనిటీ' అని రాశారు. మా ఊళ్ళో కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయని లెక్క, అంటే 200. లిఫ్టులు, మోటార్లు, ఎస్టీపీ, లైట్లు కలిపి రోజుకు కావాల్సింది దానికి రెట్టింపు పైన. ఇళ్ళలోకి ఒక్క యూనిట్ కూడా రాదు. అయినా నెలకు 40 వేల పైచిలుకు మిగులుతుంది, కాదనను. ఒకరోజు ఇన్వర్టర్‌లో 160 కూడా దాటడం లేదని చూసి పైకి వెళ్ళాను. పలకల మీద వేలితో నా పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ఎదురుగా ఇంకో మూడు టవర్లు లేస్తున్నాయి మరి. బోరు నీళ్ళతో కడిగిస్తే మర్నాటికి తెల్లటి ఉప్పు చారలు తేలాయి. సాఫ్ట్‌నర్ నీళ్ళు పట్టుకెళ్ళి మళ్ళీ కడిగించాక 205 వచ్చింది. పీఎం సూర్యఘర్ పథకంలో అసోసియేషన్లకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, ఇంకో 30 కిలోవాట్లు పెట్టిద్దామని చూస్తున్నాం. టెర్రస్ మీద ఆ జాగాలో ఆవకాయ ముక్కలు ఎండబెట్టుకునే వాళ్ళు ఒప్పుకోవాలి.

ఇంకుడు గుంతలు ప్లానులో తొమ్మిది. వెతికితే ఆరు దొరికాయి. ఏడోది పార్కింగ్ టైల్స్ కింద ఉందని పాత సూపర్‌వైజర్ చెప్పాడు, పగలగొడితే నిజంగానే ఉంది, నిండా సిమెంటు సంచులు. ఏటా వానలకు ముందు ఇసుక తీసి కడిగిస్తున్నాం. తడి చెత్తను ఎరువు చేసే మెషిన్ కూడా ఇచ్చారు. మొదటి నెలలోనే ఎవరి పాత చీర అంచో బ్లేడుకు చుట్టుకుని ఆగిపోయింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు నడుస్తోంది, ఆ ఎరువే వేపలకు వేస్తున్నాం. గేటు దగ్గర బిల్డర్ నాటిన విదేశీ పామ్ చెట్లు నీడ ఇవ్వవు, అందుకే వేపలు మేమే పెట్టుకున్నాం.

బ్రోచర్‌లో రాయనిది ఇంకొకటి. ఇక్కడి నుంచి మియాపూర్ మెట్రోకు చేరాలంటే షేర్ ఆటోలో అరగంట నుజ్జునుజ్జు అవ్వాలి. అందుకని 180 ఫ్లాట్లకు 230 కార్లున్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకు గేటు దగ్గర నిలబడితే గ్రీన్ ఎంతో తెలుస్తుంది.

మార్కులు వేయమంటే అయిదుకు మూడున్నర. గోడలకీ రెండో నీటి లైనుకీ పూర్తి మార్కులు, పడమటి కిటికీకి సున్నా, ఫలకానికి ఇంకా వేయలేదు. మెయింటెనెన్స్ చదరపు అడుగుకు నాలుగున్నర రూపాయలు కడుతున్నాం, తక్కువ కాదు. మూడు రూపాయలకే చేస్తామనే వాళ్ళు మా గ్రూపులోనే ఉన్నారు. ఆ రూపాయిన్నర ఎక్కడ మిగులుస్తారో నాకు తెలుసు, ఆ వాసన కూడా తెలుసు.

కిందటి ఆదివారం మా చెల్లెలు వచ్చింది, ఇదే బిల్డర్ రెండో ఫేజులో ఫ్లాటు చూస్తోంది. మోడల్ ఫ్లాటుకు రమ్మని సేల్స్ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ముందు చెల్లెల్ని మా సెల్లార్‌లోకి తీసుకెళ్ళాను. ముక్కు మీద చున్నీ పెట్టుకుని దిగింది, రెండు నిమిషాలకు తీసేసింది. ట్యాంకు మూత తీయించి చూసింది, మీటర్లు ఫొటో తీసుకుంది. వచ్చేముందు ఆపరేటర్ కుర్రాణ్ణి, "ఇవి రాత్రిళ్ళు కూడా నడుస్తాయా తమ్ముడూ?" అని అడిగింది.

వాడు దానికి జవాబు చెప్పకుండా నా వైపు చూసి నవ్వాడు.